నాలుగు నరసింహులు

“నాలుగూ తయారైనాయి పాపా. లారీ మాట్లాడు,” అని ఆళ్లగడ్డ నుంచి శేషయ్య ఫోన్ చేసినప్పుడు భవానికి ఏమీ అర్థం కాలేదు.

“ఏం నాలుగు తాతా?”

“నరసింహస్వాములు. నాలుగు ఆర్డర్లు వచ్చినాయి కదా నా సెల్లుకి!”

భవాని నంద్యాలలో ఓ చిన్న కంప్యూటర్ ఆఫీసులో ప్రోగ్రామర్. 2006లో శేషయ్య శిల్పశాలకు జావాలో వెబ్‌సైట్ చేసిచ్చింది ఆమే. ఆర్డరు పడితే ఆయన సెల్లుకు మెసేజ్ వెళ్తుంది. చెక్కడం పూర్తయ్యాక ఆయన ఫోన్ చేయాలి. విగ్రహాన్ని చేర్చే ఏర్పాటు ఆఫీసుది.

భవాని సర్వర్ తెరిచి చూసింది. నెత్తి పట్టుకుంది. దొరికిన బస్సెక్కి ఆళ్లగడ్డలో దిగింది.

శిల్పశాల వాకిట్లో నలుగురు ఉగ్రనరసింహులు వరసగా కూర్చుని ఉన్నారు. నలుగురిదీ ఒకటే కొలత. ఒకటే కోపం. ఆ చివర నిలబడ్డ శేషయ్య భార్య వెంకటరమణమ్మది ఐదో కోపం.

“మనిషి మొగం సూడకుండా ఎవురన్నా రాయి కొడతారా అని ఆర్నెల్లుగా మొత్తుకుంటాండా. ఇంటేనా!”

భవాని గొంతు సవరించుకుంది. “తాతా, ఆర్డరు ఒకటే.”

“మెసేజీలు నాలుగు వచ్చినాయే!”

“మెసేజ్ పంపేది థ్రెడ్లు. ప్రోగ్రాం లోపల పనోళ్లు అనుకో. సైటు మార్చి కొత్తది పెట్టినప్పుడల్లా పాత థ్రెడ్ పూల్‌ని, అంటే ఆ పాత పనోళ్ల జట్టుని, మూసెయ్యాల. నేను మూయలా. మూడుసార్లు మార్చినా. పాతవి మూడూ ఇంకా బతికే ఉండాయి. ఒక్క ఆర్డరుకే కొత్తవీ పాతవీ తలా ఒక మెసేజ్ కొట్టినాయి.”

“కొత్తోళ్లు వచ్చినా పాతోళ్లు దిగిపోలేదా?”

“దిగిపొమ్మని నేను చెప్పలేదు తాతా.”

వెంకటరమణమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. శేషయ్య మాత్రం నాలుగు విగ్రహాలనూ ఒక్కొక్కటే తడిమి చూశాడు. ఆయన మొహం తేటపడింది.

“ఏడుస్తావెందుకే? మిషన్లు వచ్చినాక నా ఉలి ఎవునికి కావాల్లే అని మూట కట్టి అటక మీద పారేస్తి. రెండేండ్లు మంచం దిగినానా నేను? ఆ మెసేజ్ సూసే కదా లేచింది. మూడు మిగిల్తే మిగల్నీ. నా చేత్తో చెక్కింది కావాలని అడిగినోడు ఒకడన్నా ఉండాడు. నాకు అది సాలు.”

నలుగురిలో చక్కగా కుదిరిన స్వామిని ఏరి బొట్టు పెట్టాడు.

“ఆ పుణ్యాత్మునిది యా ఊరు పాపా?”

“నంద్యాలే,” అంది భవాని తల దించుకుని.

“దగ్గరే కదా! ఒకసారి పిల్చకరా. సేతులు పట్టుకోవాల.”

“లారీ తెస్తా తాతా,” అంటూ ఆమె గబగబా వాకిలి దాటింది.

సైటు పనిచేస్తుందో లేదో చూద్దామని ఆ ఒక్క ఆర్డరూ ఉత్తుత్తిగా నొక్కింది భవానే.