తొమ్మిదో సీసా

“నీళ్లు,” అంది క్లెమాంస్, కొడుకు పోసిన గ్లాసును పక్కకు నెట్టేస్తూ. “ఉత్త రంగు నీళ్లు. మీ నాన్న ఉంటే తల బాదుకునేవాడు.”

నవంబరు మూడో గురువారం, ఫ్రాన్సులోని బోజొలే కొండల్లో ఇంటింటా కొత్త వైన్ బల్ల మీదికొచ్చే రోజు. ఊరికి పండగ, రెమీకి పరీక్ష. నాన్న బెనోవా పోయి ద్రాక్షతోట తన చేతికొచ్చినప్పటి నుంచీ ఇదే తీర్పు. చొక్కా జేబులో కాగితం తడుముకున్నాడు. సంతకం అయిపోయింది. సాయంత్రం పోస్టులో వేస్తే, చలికాలంలో యంత్రం వచ్చి తాత నాటిన తీగలన్నిటినీ వేళ్లతో సహా పెకలించేస్తుంది.

ఈసారి వైన్‌లో చిన్న తప్పు ఉన్న మాట నిజమే. గుత్తుల్ని తొట్టిలో ఒక రోజు ఎక్కువ నాననిచ్చాడు. మింగాక నాలుక చివర కాడ చేదు సన్నగా తగులుతుంది. చేసినవాడికి తప్ప ఇంకొకరికి అందదది.

“ఒదెత్, మీ మామగారి సీసా పట్రా,” అని కోడల్ని కేకేసింది క్లెమాంస్.

బెనోవా చివరిసారి చేసిన వైన్ తొమ్మిది సీసాలు మిగిలింది. ఏటా ఈ రోజున ఒకటి. ఒదెత్ వంటింట్లో మైనం గీకి, బిరడా తీసి తెస్తుంది. క్లెమాంస్ ఒక్క గ్లాసు తాగి, మిగతాది తన గదిలో దాచుకుంటుంది. ఇంకెవరూ ముట్టకూడదు. ఇది ఆఖరిది.

“రంగు చూడరా! నిన్న పిండినట్టుంది.”

“ఈస్టరు దాటితే పులిసిపోయే వైన్ మనది. ఇన్నేళ్లు ఎలా ఉందమ్మా?”

“చేతి మహిమ!”

ఆమె గుటక వేసి కళ్లు మూసుకుంది. “పెళ్లికి ముందు నేనిక్కడికి ద్రాక్ష కోతకొచ్చేదాన్ని. రసం పిండేటప్పుడు మీ నాన్న మొదటి ధార గ్లాసులో పట్టి నాకే ఇచ్చేవాడు. తక్కిన ఆడపిల్లలు కుళ్లుకు చచ్చేవాళ్లు. అదే రుచిరా ఇది.” రెమీకి నాన్న మీద బెంగ ముంచుకొచ్చింది.

ఆమె కళ్లు తెరిచి సలాడ్ నోట్లో పెట్టుకుంది. “ఆయన తర్వాత ఈ ఇంట్లో చేయి తిరిగిందంటే కోడలికే. ఏం వెనిగరమ్మా ఇది!”

“అంగట్లో దొరకదులెండి అత్తయ్యా,” అని ఒదెత్ నవ్వింది.

క్లెమాంస్ ఎన్నడూ లేనిది కొడుకు గ్లాసులో రెండు గుక్కలు పోసింది. “ఆఖరిది కదా. తాగు. వైన్ అంటే ఏంటో తెలుస్తుంది.”

రెమీ తాగాడు. మింగాక నాలుక చివర సన్నగా చేదు తగిలింది.

అతను గ్లాసు దించి, ఖాళీ ప్లేట్లు తీసుకుని ఒదెత్ వెనకే వంటింట్లోకి వెళ్లాడు.

“జేబులో కాగితం ఇలా ఇవ్వు,” అందామె. “పొయ్యి రాజెయ్యాలి.”

ఇచ్చేశాడు. కళ్లు చెమర్చాయి.

“మరి నాన్న వైన్ ఏమైంది?”

“తొమ్మిదేళ్లుగా సలాడ్‌లో పోస్తున్నాను.”