పాట ఆగినచోట

పెద్ద వరద వచ్చిన మరుసటి ఏడు. ఊళ్ళో సగం గోడల మీద నీటి చార ఇంకా పోలేదు.

ఆ ఏడంతా వడ్రంగి ఒక్క కచేరీ కూడా వదల్లేదు. కచేరీ అంటే పెద్దదేం కాదు. పాత గోడౌన్, ఓ చెక్క వేదిక, సినిమా పాటల జోలికి పోకుండా సొంతంగా రాసుకుని పాడుకునే నలుగురు. వినేవాళ్ళంతా పాతికేళ్ళ లోపు పిల్లలు. వాళ్ళ మధ్య అరవై దాటిన ఈయన, చొక్కా మీద రంపప్పొట్టుతో, ఎప్పుడూ ఎడమ పక్క స్తంభానికి ఆనుకుని నిలబడేవాడు.

వాళ్ళ పాటల్లో ఒకటుంది. మధ్యలో టక్కున ఆగిపోతుంది. ఊపిరి బిగబట్టినంత సేపు ఆగి, మళ్ళీ అందుకుంటుంది. అభిమానులందరికీ తెలుసు. ఆ చోట ఎవరూ కదలరు.

వడ్రంగి చప్పట్లు కొట్టేవాడు. ఒక్కడే. రెండు చెక్కలు కొట్టుకున్నట్టుండేది ఆ చప్పుడు.

“తాతా, పాట అవ్వలేదు,” అని మొదట్లో నవ్వేవాళ్ళు. తర్వాత విసుక్కున్నారు. చివరికి చప్పట్ల తాత అని పేరు పెట్టి ఊరుకున్నారు.

ఏడాది ఆఖరు కచేరీ రోజు. గోడౌన్ బయట టీ తాగుతూ, ఆ ఏడు వచ్చిన వాటిలో ఏ ఆల్బమ్ గొప్పదో, ఏ కచేరీ గొప్పదో పిల్లలు తేలుస్తున్నారు. కళ్ళజోడు కుర్రాడు వడ్రంగిని కదిపాడు.

“నీకేది నచ్చింది తాతా, ఈ ఏడు?”

“వీళ్ళ మొదటి ఆల్బమ్.”

“అది ఈ ఏటిది కాదు. వరదకి ముందుది. ఇక్కడే జనం మధ్య రికార్డు చేశారు, అంతా గోల.”

“ఈ ఏడు నేను విన్నది అదే.”

“పోనీ, కచేరీ?”

“అన్నీ.”

“అన్నిట్లోనూ తప్పు చోటే కొట్టావుగా, నీకు అన్నీ ఒకటేలే,” అన్నాడు కుర్రాడు. అందరూ నవ్వారు.

అప్పుడే పాడే అమ్మాయి బయటికొచ్చి ఆయన్ని పక్కకి పిలిచింది.

“బాబాయ్, ఏమీ అనుకోకండి. మొదటి ఆల్బమ్ పాటలన్నీ ఇవాళ మళ్ళీ రికార్డు చేస్తున్నాం. అప్పుడు కూడా ఎవరో మీలాగే మధ్యలో కొట్టి పాడుచేశారు. కొట్టనంటేనే లోపలికి రండి.”

“మరి పాతది?”

“ఆపేస్తున్నాం. ఇక కొత్తదే అమ్ముతాం.”

“ఉంటే ఏం?”

“అది వింటే సిగ్గేస్తోంది బాబాయ్.”

ఆయన చేతిలోని టీ గ్లాసు కింద పెట్టాడు.

“కొట్టనులేమ్మా.”

లోపల పాట మొదలైంది. ఆగే చోటు దగ్గరపడుతుంటే వడ్రంగి రెండు చేతులూ చంకల్లో బిగించుకున్నాడు. కళ్ళజోడు కుర్రాడు ఆయన్నే చూస్తున్నాడు. పాట ఆగింది. ఎవరూ కొట్టలేదు. పాట మళ్ళీ అందుకుంది.

“బంగారంలా వచ్చింది,” అంటూ వేదిక దిగొచ్చింది అమ్మాయి. “అదేంటి బాబాయ్, చేతులింకా చంకల్లోనే ఉన్నాయి?”

“చలి,” అన్నాడు.

మర్నాడు పొద్దున వడ్రంగి పనిలోకి పోలేదు. తలుపు వేసుకుని పాత సీడీ పెట్టాడు. పాట ఆగినచోట ఒక్కరి చప్పట్లు టపటపా మోగాయి, ఆ వెంటనే “అయ్యో, అవ్వలేదా?” అని నవ్వింది, వరదలో పోయిన ఆయన కూతురు.