కన్నేసి ఉంచే మాటలు

“‘కీప్ యాన్ ఐ ఆన్’ అంటే ఏమి అయ్యవారూ?” అని అడిగాడు గంగాధరప్ప, గొంతు వీలైనంత మామూలుగా పెట్టి.

వెంకటేశులు అయ్యవారు కళ్ళద్దాలు పైకి నెట్టుకున్నారు. “కన్నేసి ఉంచడం. యాడ విన్నావప్పా ఈ మాట?”

“మండీలో. కూలోళ్ళ మీద కన్నేసి ఉంచమని మా షావుకారు ఇంగ్లీషులో అంటాంటాడు.”

అది అబద్ధం. గంగాధరప్ప బెల్లం మండీ గుమాస్తా కాడు. రామగిరి నుంచి హిందూపురానికి కొత్తగా బదిలీ అయి వచ్చిన పోలీసు. ఆ మాట అన్నది సబ్ ఇన్‌స్పెక్టరు.

దేశమంతా క్విట్ ఇండియా గొడవలు రేగిన ఏడాది అది. అయ్యవారు హైస్కూలు ఉద్యోగం వదిలేసి, ఇంటి వసారాలో రోజూ పొద్దున పెద్దవాళ్ళకు ఇంగ్లీషు చెబుతున్నారు. రైలు పట్టాల వెంట తంతి తీగెలు తెంచేవాళ్ళకు కబుర్లు ఆ వసారాలోంచే పోతున్నాయని సబ్ ఇన్‌స్పెక్టరు అనుమానం. “మామూలు బట్టల్లో పోయి చదువుకో. ఎవరు వస్తాండారో, ఏం మాట్లాడతాండారో నాకు చెప్పు” అని గంగాధరప్పను పంపాడు.

వసారాలో ఇంకా ముగ్గురుండేవారు. ధర్మవరం పట్టుచీరలు అమ్మే పెద్దప్ప. చిలమత్తూరు గొర్రెల బేరగాడు బుడన్‌సాబ్. పెనుకొండ జట్కా మనిషి సుబ్బరాయుడు.

“పగ్గాలు బిగించి పట్టేదాన్ని ఏమంటారు సారూ?” అన్నాడు సుబ్బరాయుడు.

“కీప్ ఎ టైట్ రెయిన్. గుర్రాలకే కాదు, మనుషులకూ వాడతారు.”

“మా మందను నేను చూసుకున్నట్ల, రెప్ప వాల్చకుండా చూసేదానికి?” అన్నాడు బుడన్‌సాబ్.

“వాచ్ లైక్ ఎ హాక్. డేగ మాదిరి చూడటం.”

“మగ్గాలోళ్ళు మన గుప్పిట్లో ఉండారంటే?” పెద్దప్ప వంతు.

“అండర్ అవర్ థంబ్. మనకు గుప్పిట, దొరలకు బొటనవేలు” అని అయ్యవారు నవ్వారు.

అందరూ నవ్వారు. గంగాధరప్ప మాత్రం నవ్వలేకపోయాడు. ఆ ముగ్గురి మీదా అతనికి అనుమానం. పెద్దప్ప ఎప్పుడూ వాకిలి దగ్గరే కూర్చుంటాడు. పాఠం మీద కంటే వీధి మీదే అతని చూపు. సుబ్బరాయుడి జట్కాను ఎవరూ చూసింది లేదు. అడిగితే గుర్రం కాలు బెణికిందంటాడు. బుడన్‌సాబైతే ఒకసారి భుజం మీద చెయ్యేసి, “మీ మండీ యాడుండాదన్నా?” అని అడిగాడు. గంగాధరప్ప గబగబా మాట మార్చాడు.

వీళ్ళే తీగెలు తెంచేవాళ్ళని తేల్చుకున్నాడు. ముగ్గురి పేర్లూ సబ్ ఇన్‌స్పెక్టరు చెవిన వేశాడు.

వేశాక మనసు నిలవలేదు. అయ్యవారి భార్య లక్ష్మీనరసమ్మ పాఠం మధ్యలో నలుగురికీ రాగిజావ పోసేది. గంగాధరప్పకు దగ్గు పట్టినప్పుడు శొంఠి కషాయం కాచి, “తాగు నాయనా, ఎదలో పట్టేసినట్లుండాది” అని దగ్గరుండి తాగించింది. ఆ చేత్తో ఇచ్చింది తాగి, అటునుంచి అటే స్టేషనుకు పోయి ఆ ఇంటి గుట్టు చెప్పాలి. అయ్యవారి నోట స్వరాజ్యం అన్న మాట ఒక్కనాడూ వినలేదని చెప్పి చూశాడు. సబ్ ఇన్‌స్పెక్టరు కొట్టిపారేశాడు.

“అదే వాడి తెలివి. రేపు పొద్దున బడి జరుగుతాండగానే పట్టుకుంటాం. అయ్యవారిని, ఆ ముగ్గురినీ కలిపి బళ్ళారి జైలుకు. పెనుకొండ స్టేషనోళ్ళో, సీఐడీ వాళ్ళో మనకంటే ముందు పట్టుకున్నారంటే నా పరువు పోతాది. నువ్వు రేపు ఆ దిక్కుకు పోవద్దు.”

గంగాధరప్ప సలాము కొట్టి బయటికొచ్చాడు. బజారులో అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు వేశాడు. ఉద్యోగం పోతే ఇంట్లో పిల్లల గతేమిటన్న భయం ఒక పక్క. కషాయం గిన్నె పట్టుకున్న ఆ తల్లి చెయ్యి ఒక పక్క. చివరికి కాళ్ళు వాటంతటవే అయ్యవారి ఇంటికి నడిచాయి.

మిట్టమధ్యాహ్నం. అయ్యవారు భార్యతో కూర్చుని చింతపండులో గింజలు తీస్తున్నారు.

“అయ్యవారూ, నేను గుమాస్తాను కాదు. పోలీసును” అన్నాడు గంగాధరప్ప, గడప దాటకుండానే. “రేపు పొద్దున మిమ్మల్ని పట్టుకుంటారు. ఈ పొద్దే మడకశిర మీదుగా మైసూరు సీమలోకి ఎల్లిపోండి. మీ కాళ్ళు పట్టుకుంటా.”

లక్ష్మీనరసమ్మ చేతిలో చింతపండు అలాగే ఉండిపోయింది. అయ్యవారు మాత్రం తల కూడా ఎత్తలేదు.

“పోలీసువని నాకు తెలుసప్పా.”

“తెలుసా! ఎట్ల?”

“మండీ గుమాస్తాకు కావాల్సింది బేరాల ఇంగ్లీషు, లెక్కల ఇంగ్లీషు. నువ్వు వచ్చిన రోజే కన్నేసి ఉంచే మాట అడిగినావు.” ఆయన చేతులు దులుపుకుని లేచారు. “నేను యాడికీ పోను. తప్పు చేసినోడు కదా పారిపోవాల్సింది? పట్టుకోనీ. నువ్వు లోపలికి రా, ఎండలో నిలబడినావు.”

గంగాధరప్ప కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “మీరు పోకపోతే మానె. ఆ ముగ్గురికన్నా చెప్పి పంపండి సారూ. వాళ్ళ పేర్లు చెప్పింది నేనే. పెళ్ళాం బిడ్డలున్నోళ్ళు. నా పాపాన జైలు పాలవుతారు.”

అయ్యవారు అతని భుజం మీద చెయ్యి వేశారు.

“వాళ్ళూ నీ మాదిరి పోలీసులే గంగాధరప్పా, వాళ్ళింకా నాకు చెప్పలేదంతే.”