మెర్విన్ బాంక్సియా

చెట్టు ఇక బతకదని కౌన్సిల్ వాళ్ళు తేల్చిన రోజు, ఊరు ఊరంతా మెర్విన్‌నే పరామర్శించింది. ఆ చెట్టుకు చుట్టమంటూ ఎవరైనా ఉంటే ఆయనే మరి.

సముద్రం ఒడ్డు ఇసుకదిబ్బ మీద ఎవరూ నాటకుండా దానంతటదే లేచిన బాంక్సియా అది. రిటైరయ్యాక దాని వెనకాలున్న మేడ కొనుక్కుని మా ఊరొచ్చాడు మెర్విన్. వచ్చిన ఏడాదే కెమెరా కొన్నాడు. దిబ్బ మీది వాటిల్ చెట్ల పసుపు పూలూ, నేల మీద పాకే ఊదాపూల తీగలూ అన్నీ తీసేవాడు గానీ, ప్రాణం మాత్రం బాంక్సియా మీదే.

మేడ మీది వరండాలో, రెయిలింగు దగ్గర ఒకే మూల నుంచి, ప్రతి ఆదివారం ఒక ఫోటో. చలికాలంలో లావుపాటి కొవ్వొత్తుల్లాంటి పూలు, వాటికి తలకిందులుగా వేలాడే చిలకలు. ఎండాకాలంలో నోళ్ళు తెరిచిన కాయలు. గాలి తిరిగితే ఆకుల వెనక వెండి రంగు. అన్నీ ఊరి ఫేస్‌బుక్ పేజీలో పెట్టేవాడు.

"పెళ్ళయినప్పటి నుంచీ నన్నెప్పుడైనా ఇన్ని ఫోటోలు తీశావా?" అని భార్య నొయెలీన్ ఎత్తిపొడిచేది.

"నువ్వు ఒక్కచోట నిలబడవుగా," అనేవాడు.

పోయిన వేసవిలో ఆకులు పండటం మొదలైంది. మెర్విన్ ఆదివారాలు చాలక రోజూ తీశాడు. మార్చిలో ఒక ఫోటో కింద "పైకొమ్మ ఎండింది" అని రాశాడు. ఏప్రిల్‌లో "ఆకుల సందుల్లోంచి నీలం కనిపిస్తోంది" అని రాశాడు. అది చదివి బేకరీ అమ్మాయి ఏడ్చేసింది. మే నెలలో వరండాలోకి రెండు కొత్త పేము కుర్చీలు వచ్చాయి. చివరి రోజుల్లో దగ్గర కూర్చోవాలని కాబోలు అనుకుని మా గుండెలు చెరువయ్యాయి.

కౌన్సిల్ నుంచి లీయాన్ వచ్చి చెట్టు మొదట్లో ఇసుక తవ్వి చూసింది. మాను చుట్టూ డ్రిల్లు బెజ్జాలు. లోపల కలుపుమందు. పైన మైనంతో నున్నగా మూసిన మూతలు.

"మెర్విన్ గారూ, పొద్దస్తమానం ఇటే చూస్తూ ఉంటారు కదా. ఎవరైనా కనిపించారా?" అని అడిగింది.

మెర్విన్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"పేర్లు చెప్పి ఒకరి ఉసురు పోసుకోలేనమ్మా. ఆకులు ఇంటికప్పు గట్టర్లలో పడుతున్నాయని గొణిగే మనుషులున్నారు. అంతే."

గట్టర్ల గురించి గొణిగేది ఒక్క జెల్కోనే. మెర్విన్ వెనకింటాయన. చేపలూ చిప్సూ వేయించి అమ్ముతాడు. ఆ వారం నుంచి మా ఊరు పక్క ఊరికెళ్ళి చేపలు తినడం మొదలెట్టింది.

"ఆకులు పడుతున్నాయన్నాను. చెట్టు చావాలన్నానా?" అని ఖాళీ కొట్లో అరిచేవాడు జెల్కో. ఒకరోజు ఉండబట్టలేక మెర్విన్ గేటు దగ్గరికే వచ్చాడు.

"నువ్వైనా చెప్పవయ్యా మెర్విన్, నేను కాదని. ఇట్లాగే ఉంటే కొట్టు మూసుకోవాలి."

"నేనేం చెప్పను జెల్కో? కళ్ళతో చూశానా?" అని మెర్విన్ అతని భుజం తట్టి పంపాడు.

చచ్చిన మాను గాలికి ఎవరి మీదో పడుతుందని జూన్‌లో కొట్టేశారు. నెల తిరిగేసరికి హాల్లో సభ పెట్టారు. లీయాన్ మైకు పట్టుకుంది.

"ఎవరు చేశారో రుజువు లేదు. ఎందుకు చేశారో మాత్రం అందరికీ తెలుసు. కాస్త సముద్రం కనిపించడం కోసం. ఆ సముద్రం వాళ్ళకి దక్కనివ్వం. చెట్టున్నచోటే చెట్టంత బ్యానర్ కడుతున్నాం. పక్కన నాటిన మొక్క అంత ఎత్తు ఎదిగేదాకా తీసేది లేదు."

చప్పట్లు మోగాయి.

"దాని మీద చెట్టు ఫోటోనే వేయిస్తాం. మన మెర్విన్ గారు తీసింది."

మెర్విన్ గబుక్కున లేచాడు. "నాదెందుకమ్మా? ఏదో వల లాంటిది కట్టండి చాలు. గాలికి చిరగదు."

ఆ వినయానికి హాలు హాలంతా కరిగిపోయింది. ఈసారి లేచి నిలబడి మరీ చప్పట్లు కొట్టాం.

వెనక వరసలో జెల్కో ఒక్కడే నవ్వుతున్నాడు.

"నవ్వుతావేం? పోయిందిగా నీ సముద్రం!" అన్నారెవరో.

"నాకు సముద్రమెక్కడయ్యా బాబూ? నా కిటికీ తీస్తే కనిపించేది మెర్విన్ మేడ వీపు," అన్నాడు జెల్కో. ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు.

బ్యానర్ కట్టిన మర్నాడు పొద్దున్నే మెర్విన్ గ్యారేజీలో పొడవాటి డ్రిల్లు మొనకు ఇంకా అంటుకునున్న చెక్కపొట్టును మరోసారి తుడిచేసి, టీ కప్పుతో మేడెక్కి, కొత్త పేము కుర్చీలో కూర్చుని, ఇన్నేళ్ళకు దక్కిన తన సముద్రం వైపు తలెత్తితే, అక్కడ కింద మూలన తన పేరుతో సహా బాంక్సియా నిండుగా పూసి ఉంది.