ఎర్ర సిరా గుర్తు

మంత్రులు మరణశిక్ష వేసిన వారి జాబితా ఏటా శరదృతువులో చక్రవర్తి దగ్గరకు వెళ్తుంది. ఆయన ఎర్ర సిరాతో గుర్తు పెట్టిన వాళ్లకే శిక్ష అమలవుతుంది. పెకింగ్ జైలులోని మావ్ చీ పేరు ఇరవై రెండుసార్లు వెళ్లింది. చక్రవర్తి ఒక్కసారి కూడా జాబితా విప్పలేదు.

అందుకే మావ్ చీ రోజూ రాజభవనం వైపు తిరిగి నేలకు నుదురు ఆనించి, ప్రభువు పదివేల ఏళ్లు బతకాలని మొక్కేవాడు.

ఆ ఉదయం అతను మొక్కుతుండగా కాపలాదారు తూ పరుగున వచ్చాడు.

"ఇక లే తాతా. తిరుగుబాటు సైన్యం కోటలోకి వచ్చేసింది. మీ ప్రభువు పారిపోయాడు."

"మరి గద్దె మీద ఎవరు?"

"వాళ్ల నాయకుడే. మహా పనిమంతుడులే. ఎక్కి గంట కాలేదు, పాత కాగితాలన్నీ తెప్పించుకున్నాడు. మీ జాబితా ఆయన చేతిలోనే ఉంది. ఒక్క పేరూ వదలకుండా ఎర్ర గుర్తు పెడుతూ పోతున్నాడట."

మావ్ చీ లేవలేదు.

తూ పక్కనే చతికిలబడ్డాడు. "ఇన్నేళ్లూ అడగనే లేదు. ఇంతకీ నువ్వు చేసిన నేరమేంటి తాతా?"

"అర్జీ పెట్టాను."

"ఏమని?"

"చక్రవర్తి కాగితాలు చూడడం లేదు, దేశానికి కాగితాలు చూసే ప్రభువు కావాలి అని."