వాటీ కట్టిన ఈగ

“ఇంకా గుబురుగానే ఉంది పిల్లా,” అన్నాడు గెమ్మెల్, సెంగా కట్టిన ఈగను గోటితో పక్కకు నెట్టి. “ఇది ఈగా, కోడిపెట్టా?”

గాలపు ముల్లుకు దారంతో, ఈకలతో కట్టే ఈగ అది. క్లైడ్ నదిలో ట్రౌట్ చేపలు పట్టేవాళ్లకు ఈగ ఎంత బక్కగా ఉంటే అంత మోజు. గెమ్మెల్ కొట్లో ఈగలు కట్టే పని దొరక్కపోతే సెంగా ఊరు విడిచి గ్లాస్గో గోదాంలో పెట్టెలు మొయ్యాలి. ఆ మాట తలచుకుంటేనే ఆమెకు ఏడుపొచ్చేది.

“నాన్న నాకు నేర్పింది ఇలాగేనండీ.”

“నేర్పుతాడు, నేర్పుతాడు. మరి ఇదేమిటి?” గెమ్మెల్ గాజుపెట్టె ముందుకు జరిపాడు. అందులో సెంగా నాన్న వాటీ కట్టిన ఈగ. చనిపోయే ముందు ఏడాది స్నేహం కొద్దీ తన టోపీకి గుచ్చుకున్నది తీసి గెమ్మెల్‌కు ఇచ్చాడట. మెడ దగ్గర రెండో మూడో ఈకపోగులు, రెక్కలు ఉన్నాయా లేవా అన్నట్టున్నాయి.

“మీ నాన్న ఒక్క ఈగైనా అమ్మాడా? కట్టే తీరు ఎవరికైనా చూపించాడా? ఈ నది వాళ్లంతా అంతే. కన్నకూతురికైనా గుట్టు చెప్పరు.”

సెంగా మనసు చివుక్కుమంది. చిన్నప్పటినుంచీ ఆయన పక్కనే కూర్చుని నేర్చుకుంది కదా. అయినా పంతం పట్టింది. కట్టింది, విప్పింది, పోగులు తగ్గించింది, మళ్లీ కట్టింది. చివరికి అచ్చం గాజుపెట్టెలో దానిలాంటిదే దిగింది.

గెమ్మెల్ దాన్ని తీసుకుని నదికి పోయాడు. రెండు చేపలతో తిరిగొచ్చాడు.

“సోమవారం నుంచి రా. కిటికీ పక్క బల్ల నీదే.”

ఇంటికొచ్చి తల్లికి చెప్పింది. తల్లి సంబరపడి టీ పోసింది. సెంగా మాత్రం కప్పు ముట్టుకోలేదు.

“నాన్న నా దగ్గర కూడా దాచాడమ్మా.”

“ఏం దాచాడే?”

“తనకేమో ఈకలన్నీ పీకేసి అంత పల్చగా కట్టుకున్నాడు. నాకేమో గుబురుగా కట్టడం నేర్పాడు. గెమ్మెల్ దగ్గరున్నది చూశాను.”

“ఆయన చేపలు పట్టి వచ్చాక టోపీకి గుచ్చుకునేదా?”

“అదే.”

తల్లి నవ్వు ఆపుకోలేక కూతురి తల దగ్గరకు తీసుకుంది.

“ఆ ఈకలు పీకింది మీ నాన్న కాదే, చేపలు.”