పెరట్లో పాతిన గలీబు

"ఆగండి మామయ్యా! ఒక్క బస్తా కూడా విప్పనివ్వను. ముందు తలగడ గలీబు బయటికి తీద్దాం."

గునపం అడ్డంగా పట్టుకుని పెరటి గుమ్మంలో నిలబడింది కోడలు. ఆమె వెనక ఖాళీ పెరడు. ఎదురుగా సిమెంటు బస్తాలు, ఇసుక కుప్ప, చేతిలో తాపీతో మేస్త్రి, వాటన్నిటికీ ముందు మామగారు.

"తియ్యి తల్లీ. పందెం ఒప్పుకున్నవాణ్ణి, కాదంటానా?" అన్నారు మామగారు. "గలీబు చివికిపోయి ఉంటే పెరడు నీది. చెక్కుచెదరకుండా ఉంటే మాత్రం సిమెంటు పడాల్సిందే. కొట్టుకొచ్చే గుడ్డల మూటలు దించుకోవడానికి నాకు చోటు లేదు."

మేస్త్రికి ఏమీ అర్థం కాలేదు. "గలీబేంటండీ, మట్టిలో?"

"నేలకి నిద్ర పట్టట్లేదని తలగడ వేసింది మా కోడలు," అని అత్తగారు పకపకా నవ్వారు.

"మీరూరుకోండి అత్తయ్యా! మేస్త్రీ, నూలుగుడ్డ పాతిపెడితే బతికున్న నేల రెండు నెలల్లో దాన్ని తినేస్తుంది. కంటికి కనపడని జీవాలు కోట్ల కొద్దీ ఉంటాయి కదా మట్టిలో, అవి తింటాయి. చచ్చిన నేలయితే ఎలా పెట్టామో అలాగే వదిలేస్తుంది."

"గుడ్డ నా కొట్లోదే," మామగారు గర్వంగా అందుకున్నారు. "కొత్తగా వచ్చిన తానులోంచి నేనే చింపి ఇచ్చాను. అచ్చమైన నూలు. తర్వాత నేను మోసం చేశానని అనకూడదుగా!"

ఆయన మీద అలాంటి అనుమానం ఎవరికీ రాదు. కళ్లు మూసుకుని బొటనవేలితో నిమిరి గుడ్డ రకం చెప్పే మనిషి ఆయన.

మేస్త్రి వంగి మట్టిలో వేలు గుచ్చాడు. వేలు మొదలంటా దిగింది. "ఇదేంటమ్మా, నానబెట్టిన పిండిలా ఉంది! ఇల్లు కట్టినప్పుడు మిగిలిన కంకరా సున్నమూ ఇక్కడే పారబోశాం. గునపం వేస్తే నిప్పురవ్వలు లేచేవి."

ఆ కంకరంతా కోడలు ఒక్కర్తే ఏరింది. నేలను లోతుగా గుల్ల చేసింది. ఎండుటాకులు, కూరగాయల తొక్కలు, బాగా మాగిన పశువుల ఎరువు పొరలు పొరలుగా కలిపింది. ఎండకు తడి ఆరిపోకుండా పైన గడ్డి కప్పింది. ఇంతా చేసి ఒక్క మొక్క కూడా నాటలేదు. పక్కింటివాళ్లు "మొక్కల్లేని తోట" అని ఎగతాళి చేస్తే, "ముందు నేల కోలుకోవాలి, మొక్కలకేం తొందర?" అనేది.

ఇప్పుడు గుర్తుకు పెట్టిన పుల్ల దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, చేతులతోనే మట్టి తప్పించింది. తొలకరి వాసన గుప్పుమంది. వానపాము ఒకటి ఆమె వేళ్ల మధ్యనుంచి జారుకుంది. అడుగున గలీబు కనబడింది. రెండు అరచేతుల మీదా పరిచి మెల్లగా పైకెత్తింది.

చిన్న చిల్లు కూడా లేదు.

మామగారు గెలిచినట్టు మాట్లాడలేదు. "బాధపడకు తల్లీ. నీ కష్టానికి వంక పెట్టలేను. ఈ నేలే మొండిది."

"మాటంటే మాటే మామయ్యా. పోయించండి," అంది కోడలు. తానే పక్కకు తప్పుకుని మేస్త్రికి దారి ఇచ్చింది.

మేస్త్రి బస్తా మూతి కోశాడు.

"ఉతికితే పనికొస్తుంది, ఇటివ్వు," అంటూ అత్తగారు గలీబు అందుకుని రెండు కొసలూ పట్టి దులిపారు. అది రెండు ముక్కలై చెరో చేతిలోకీ వచ్చింది.

"అయ్యో రాత! నా కుట్లేవీ? గట్టి నూలుదారంతో కుట్టానే!"

మామగారు గబుక్కున ముక్కలు లాక్కున్నారు. అంచు పొడవునా సూది గుచ్చిన చిల్లులు వరసగా ఉన్నాయి. ఒక్క చిల్లులోనూ దారం లేదు. మట్టి తడికి గంజంతా వదిలిపోయిన గుడ్డను బొటనవేలితో నిమిరారు. మళ్లీ నిమిరారు. ముఖం పాలిపోయింది. ఒక పోగు లాగి, చొక్కాకు తుడిచి, అగ్గిపుల్ల గీసి అంటించారు. అది బూడిద కాలేదు. ముడుచుకుపోయి నల్లటి పూసలా గట్టిపడింది.

"సిమెంటు కలపమంటారా అయ్యగారూ?"

మామగారు చేత్తోనే ఆగమన్నారు. కొట్టుకు ఫోను కలిపి, కోడలి వైపు చూస్తూ గుమాస్తాతో అన్నారు:

"ఆ కొత్త తాను అమ్మడం ఆపి, కొన్నవాళ్లందరి దగ్గరా వెనక్కి తీసుకోరా. కుట్టిన దారమంతా తినేసిన మా కోడలి నేల ఆ గుడ్డని ముట్టుకోలేదు. అది నూలు కాదు!"